ఓటీపీ కదిరిలో, పూలగంప బెంగళూరులో: ఒక వీధి వ్యాపారుల సర్వే కేస్ స్టడీ

మున్సిపాలిటీల్లో డిజిటల్ పనుల మీద ఏ మీటింగుకి వెళ్లినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "జనానికి డిజిటల్ అక్షరాస్యత లేదండీ, ముందు ట్రైనింగ్ ఇవ్వాలి" అని. ఈ మాటతో నాకు పాత పేచీ ఉంది. తెల్లారకముందే మార్కెట్లో సరుకు పట్టి, ఫోన్‌పేలో డబ్బు కొట్టి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి లగేజీ ఆటోని పిలిపించుకునే మనిషికి లేని అక్షరాస్యత ఏంటో నాకు అర్థం కాదు. మా చిన్న టీమ్ చేసేది పట్టణ స్థానిక సంస్థలకు ఇలాంటి పనుల్లో సాయం చెయ్యడమే. నేను చూసినంతలో జనం జారిపోయేది ఫోన్ వాడటం రాక కాదు, ఫారంలో ఎవరో ఒక గడి పక్కన ఎర్ర చుక్క పెట్టి "తప్పనిసరి" అనడం వల్ల. ఆ ఎర్ర చుక్క ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగితే చాలాసార్లు ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఈ కేసు బెంగళూరు శివార్లలోని ఒక నగరసభది, అంటే అక్కడి మున్సిపాలిటీది. పేరు అనవసరం. 2025 చివర్లో వాళ్లు వీధి వ్యాపారుల సర్వేని మొదటిసారి పూర్తిగా ట్యాబ్ మీద, యాప్‌తో చేశారు. ఆ ప్రాంతంలో రోడ్డు మీద అమ్ముకునేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది, అదీ ఎక్కువగా ఆడవాళ్లు. మదనపల్లి, కదిరి, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. కొందరు ఇరవై ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు, పిల్లలు కన్నడ మీడియంలో చదువుకున్నారు, కానీ ఆధార్ మాత్రం ఊరి అడ్రసు మీదే ఉంది.

సర్వే ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి, ఎందుకంటే ఇది ఏదో లెక్కల కోసం చేసే సర్వే కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కనీసం అయిదేళ్లకోసారి సర్వే చెయ్యాలి, అందులో గుర్తించిన వాళ్లకు వ్యాపార ధ్రువపత్రం ఇవ్వాలి, సర్వే పూర్తయి పత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ లేపెయ్యకూడదు. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు దీన్నే తిరగేసి చదవండి. సర్వే అయిపోయి, పత్రాలు ఇచ్చేశాక, లిస్టులో పేరు లేని మనిషికి అంతకుముందు రోజు వరకూ ఉన్న రక్షణ కూడా పోతుంది. అంటే అరకొరగా జరిగిన సర్వే కంటే అసలు సర్వే జరగకపోవడమే ఆమెకి మేలు. డిజిటల్ అంటే వేగం అనుకుంటాం గానీ, తప్పు లిస్టు ఎంత తొందరగా తయారైతే అంత తొందరగా ఆమె జాగా పోతుంది.

లోను సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. వీధి వ్యాపారులకు లోను ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి 2020 జూన్‌లో మొదలైనప్పుడు మొదటి విడత 10,000 రూపాయలు. 2025 ఆగస్టులో కేంద్రం పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించి విడతలను 15,000, 25,000, 50,000 చేసింది, సకాలంలో కట్టేవాళ్లకు 7 శాతం వడ్డీ రాయితీ. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రం వెయ్యి వసూలు చేసుకునే రోజు వడ్డీ వాళ్ల దగ్గర బతుకుతున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. దానికి కావలసింది మళ్లీ నగరసభ గుర్తింపే.

సర్వే మొదలైన కొత్తల్లో రోజూ వచ్చే డాష్‌బోర్డు పచ్చగా, కళకళలాడుతూ ఉంది. వార్డుల వారీగా ఎన్ని రికార్డులు పూర్తయ్యాయో బార్లు లేస్తున్నాయి. అయితే నడుచుకుంటూ మార్కెట్ వీధికి వెళ్తే కనపడే మనుషులకీ, స్క్రీన్ మీద కనపడే మనుషులకీ పొంతన లేదు. స్క్రీన్ మీద బజ్జీల బండ్లు, మొబైల్ కవర్లు అమ్మే కుర్రాళ్లు, ఒకే చోట నిలబడే మగవాళ్లు. వీధిలో ఆకుకూరల గంపలు, పూలు, తలమీద తట్టలు. వాళ్లంతా ఏమయ్యారని సర్వే కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీ వాళ్లని అడిగితే "మనిషి అందుబాటులో లేరు" అన్న కోడ్ చూపించారు.

అందుకని సర్వే కుర్రాడి వెనకాలే తిరిగాం. ఒక పూలమ్మే అక్క దగ్గర జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. కనకాంబరాలు కడుతూ కూర్చుని ఉంది, మూర లెక్కన అమ్ముతుంది. కుర్రాడు మర్యాదస్తుడే, డిగ్రీ చదువుతూ పార్ట్‌టైమ్ చేస్తున్నాడు. పేరు, ఆధార్ నంబరు కొట్టాడు. ఓటీపీ వెళ్లింది. ఎక్కడికి? ఆధార్ తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరుకి, అది ఇప్పుడు కదిరిలో మరిది దగ్గర ఉంది. అక్క మరిదికి ఫోన్ చేసింది. అతను పనిలో ఉన్నాడు, ఎత్తలేదు. ఓటీపీ పది నిమిషాలు బతుకుతుంది, అయిపోయింది. మళ్లీ కొట్టాడు. ఈసారి మరిది ఎత్తాడు గానీ నంబరు చెప్పడానికి ఒప్పుకోలేదు, "వదినా, ఎవురో మోసం చేస్తాండారు, పెట్టెయ్" అన్నాడు. అక్క కుర్రాడి వైపు తిరిగి అడిగిన మాట నేను తర్వాత కమిషనర్ గారి మీటింగులో మక్కీకి మక్కీ చెప్పాను: "బ్యాంకోళ్లేమో ఎవురికీ చెప్పొద్దంటారు, నువ్వేమో చెప్పమంటావు, ఎవురి మాట వినల్ల నాయనా?"

ఆమె ప్రశ్నకి ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఎవరికైనా ఫోన్ చేస్తే చాలు సైబర్ మోసాల గురించి రికార్డు చేసిన గొంతుతో ఊదరగొట్టిన తర్వాత, ట్యాబ్ పట్టుకున్న ముక్కూ మొహం తెలియని కుర్రాడికి ఓటీపీ చెప్పనివాళ్లే డిజిటల్ అక్షరాస్యులు. మన యాప్ మాత్రం ఆమెని "అందుబాటులో లేరు" అని రాసేసింది.

ఓటీపీ ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. యాప్‌లో ఒక మొబైల్ నంబరుకి ఒకే వ్యాపారి అన్న నియమం పెట్టారు, డూప్లికేట్లు రాకుండా. మంచి ఉద్దేశమే. అయితే ఒకే ఫోన్ వాడే అత్తాకోడళ్లు రెండు వేర్వేరు చోట్ల గంపలు పెట్టుకుంటే రెండో ఆమె డూప్లికేట్ అయిపోయింది. భార్యాభర్తలు చెరో పూట నడిపే బండి భర్త పేరున ఎక్కింది, ఎందుకంటే ఫోన్ అతని జేబులో ఉంటుంది. స్థానిక అడ్రసు ప్రూఫ్ తప్పనిసరి అన్నారు. అద్దె ఇంటికి కాగితం రాసిచ్చే ఓనరు ఎక్కడ దొరుకుతాడు? ఇక జీపీఎస్. వ్యాపారం జరిగే చోటికి ఒక పాయింటు ఇవ్వాలి, రెండోసారి తనిఖీకి వెళ్లినప్పుడు ఆ చుట్టుపక్కలే మనిషి ఉండాలి. పొద్దున అపార్ట్‌మెంట్ల ముందు, మధ్యాహ్నం స్కూలు దగ్గర, సాయంత్రం బస్టాండులో ఉండే తోపుడు బండికి ఏ పాయింటు ఇస్తారు? 2014 చట్టమే ధ్రువపత్రాల్ని స్థిర వ్యాపారి, సంచార వ్యాపారి, ఇతరులు అని విడగొట్టింది. యాప్ రాసినవాళ్లు చట్టం చదవలేదు. చదివిన అధికారులు యాప్ తెరిచి చూడలేదు. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్ర ఎక్కడ పనిచేసినా ఈ రెండు బల్లల మధ్య ఖాళీలోనే నా ఉద్యోగం ఉందనిపిస్తుంది!

సర్వే వేళలు కూడా చూడండి, పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా. ఆకుకూరలు తొమ్మిదింటికల్లా అయిపోతాయి, చాట్ బండ్లు అయిదు తర్వాతే వస్తాయి. వారానికోసారి సంతకి వచ్చేవాళ్ల సంగతి సరేసరి.

దీనికి తోడు భయం. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీల లెక్క తీసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపిన సంగతి బెంగళూరులో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దుకాణాల ముందు స్కానర్లు పీకేసి "క్యాష్ మాత్రమే" అని అట్టముక్కలు వేలాడదీశారు. తర్వాత ముఖ్యమంత్రి పాత బకాయిలు వసూలు చెయ్యబోమని చెప్పారు, తాజా కూరగాయల మీద అసలు జీఎస్‌టీయే లేదు, అయినా ఒకసారి మనసులో పడ్డ భయం అంత సులువుగా పోదు. కొన్ని నెలల తర్వాత ట్యాబ్ పట్టుకుని "రోజుకి ఎంత అమ్ముతారు?" అని అడిగితే ఎవరు నిజం చెప్తారు? అసలు ఆ ప్రశ్న ఎందుకు ఉందో కనుక్కుంటే, ఇంకో ప్రాజెక్టు ఫారం నుంచి కాపీ కొట్టినప్పుడు వచ్చేసిందట.

అన్నిటికంటే పెద్ద సమస్య యాప్‌లో కూడా లేదు, కాంట్రాక్టులో ఉంది. ఏజెన్సీకి డబ్బు పూర్తయిన రికార్డుకి ఇంత అని. సగంలో ఆగిన రికార్డుకి సున్నా. ఇప్పుడు ఆ కుర్రాడి స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? ఓటీపీ రాని పూలక్క దగ్గర అరగంట కూర్చునే బదులు, చేతిలో ఫోన్ ఉన్న మొబైల్ కవర్ల కుర్రాళ్లని ముగ్గుర్ని ఎక్కించుకుంటారు. అతన్ని తిట్టి లాభం లేదు. కష్టమైన మనిషిని వదిలెయ్యడానికి మనమే డబ్బులిస్తున్నాం. సమ్మిళితం, అందరికీ అందుబాటు అన్న మాటలు టెండర్ పత్రం మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉంటాయి, బిల్లు ఎలా కడతారన్నది ఎక్కడో వెనక అనుబంధంలో ఉంటుంది, ఫీల్డులో నడిచేది ఆ అనుబంధమే.

మార్పులు అడగడానికి వెళ్తే మొదట వచ్చిన అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. "ఓటీపీ తీసేస్తే బోగస్ పేర్లు వచ్చి పడతాయి" అన్నారు కమిషనర్ గారు. నిజమే. ఇరవై బండ్లు కొని అద్దెకి తిప్పేవాడు ఇరవై పేర్లు ఎక్కించగలడు, షట్టరు దుకాణం ఉన్నవాడు ముందు ఫుట్‌పాత్ మీద బావమరిదిని కూర్చోబెట్టగలడు. కాకపోతే ఓటీపీ వీళ్లని ఆపదు. వాళ్ల దగ్గర ఫోన్లు, నంబర్లు, కాగితాలు అన్నీ సలక్షణంగా ఉంటాయి. ఓటీపీ చెప్పేది ఈ ఆధార్ ఈ మనిషిదని మాత్రమే, ఈ మనిషి ఇక్కడ అమ్ముతోందని కాదు. అది చెప్పగలిగేది పక్క గంప ఆమె. సర్వే బాధ్యత ఉన్న పట్టణ వ్యాపార కమిటీలో చట్టం కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని చెప్పింది కూడా అందుకే కాబోలు.

ఒకటి మాత్రం మాకు కలిసొచ్చింది. 2014 చట్టంలో ఆధార్ ఊసే లేదు. ధ్రువపత్రానికి ఆధార్ ఓటీపీ కావాలని ఎవరు ఆదేశించారని ఫైల్లో రాతపూర్వకంగా అడిగితే, ఆదేశం దొరకలేదు. లోనుకి మాత్రం ఆధార్‌కి లింకైన మొబైల్ కావాలి, అది వేరే మెట్టు. రెండు మెట్లనీ కలిపేసి, లోను కోసం పెట్టిన తలుపుని జాగా ముందు బిగించారు. దీన్ని విడదీయడమే ఈ మొత్తం పనిలో అసలైన మార్పు అని నేననుకుంటాను, మిగతావన్నీ చిన్నాచితకా.

అలా ఓటీపీ ఐచ్ఛికం అయింది. దాని బదులు పక్కన అమ్ముకునే ముగ్గురి సాక్ష్యం, వేర్వేరు పూటల్లో తీసిన రెండు ఫొటోలు. సంచార వ్యాపారికి పాయింటు కాకుండా తిరిగే దారి, అంటే మూడు నాలుగు చోట్లు గుర్తుపెట్టే వీలు. మొబైల్ నంబరు రిపీట్ అయితే రికార్డు తిరస్కరించకుండా "కుటుంబ నంబరు" అని గుర్తు పెట్టి ముందుకి పోవడం. స్థానిక అడ్రసు గడిలోంచి ఎర్ర చుక్క తీసెయ్యడం. దీనికి స్వనిధి మార్గదర్శకాలే సాయపడ్డాయి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్టణంలో అమ్ముకునేవాళ్లని అవి మొదటి నుంచీ ఒక వర్గంగా ఒప్పుకుంటున్నాయి. రోజు అమ్మకం ప్రశ్న తీసేశారు. సర్వే వేళలు తెల్లవారుజాముకీ రాత్రికీ జరిపారు. ఏజెన్సీ గొణిగింది, ట్రావెల్ అలవెన్సు కలిపాక సర్దుకుంది.

బిల్లు విషయంలో గట్టిగా పట్టుబట్టాల్సి వచ్చింది. చివరికి పెండింగ్ రికార్డుకి కూడా, కారణం రాస్తే, సగం చెల్లించేలా మార్చారు. "అందుబాటులో లేరు" అని రాయాలంటే రెండు వేర్వేరు పూటల్లో వెళ్లినట్టు ఫొటో ఉండాలి. ఆ వారం నుంచి ఆ కోడ్ వాడకం అమాంతం తగ్గింది. ట్రైనింగ్ ఎవరికీ ఇవ్వలేదు.

ఒక కథ పక్కదారి గానీ చెప్పాలి. బస్టాండు దగ్గర అగరబత్తీలు అమ్మే ఒకాయనకి చూపు లేదు. యాప్‌లో ఫొటో తీసేటప్పుడు బతికున్న మనిషే అని తేల్చడానికి "కళ్లు ఆర్పండి" అంటుంది. ఆయన ఎన్నిసార్లు ఆర్పినా కెమెరా ఒప్పుకోలేదు. యాప్ కంపెనీని అడిగితే ఇది సెక్యూరిటీ ఫీచర్, మార్చాలంటే ఛేంజ్ రిక్వెస్టు, దానికి విడిగా ఖర్చు అంది. అప్పుడు సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసు తీర్పు ప్రింటు తీసి ఫైలుకి జతచేశాం. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఇచ్చినది, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, కేవైసీలో కళ్లు ఆర్పడం లాంటివి చెయ్యలేని వాళ్లకు వేరే దారి చూపాలని అందులో ఉంది. ఖర్చు మాట మళ్లీ ఎత్తలేదు. చిన్న ఊళ్ల మున్సిపల్ సిబ్బందికి ఇలాంటి తీర్పులు ఎవరూ చేరవెయ్యరు, ఆ కాగితం చేతిలో ఉంటే కంపెనీ ముందు వాళ్ల గొంతు మారుతుంది. నేను కళ్లారా చూశాను.

భాష దగ్గర నెమ్మదిగా అడుగెయ్యాలి. బెంగళూరులో భాష అనగానే ఎవరు ఎక్కడ ఎగిరిపడతారో చెప్పలేం, అధికారులకి ఆ టెన్షన్ సహజం. తెలుగులో ఫారం వెయ్యండని మేము అడగలేదు, అక్కర్లేదు కూడా, తెలుగు ఫారం ఇచ్చినా చదవలేని అక్కలే ఎక్కువ. రాత అంతా కన్నడలోనే ఉంచి, గొంతు మాత్రం ముందు కన్నడ, ఆ వెంటనే తెలుగు, తమిళం, ఉర్దూలో పెట్టాం. తెలుగు వాయిస్ రికార్డు చేసింది మార్కెట్లో టమాటాలు అమ్మే మదనపల్లి అక్కే. "వ్యక్తిగత వివరాలను గోప్యంగా ఉంచబడును" అని మేము రాసిచ్చిన స్క్రిప్టు చూసి పగలబడి నవ్వింది. పక్కన పడేసి తన మాటల్లో చెప్పింది: "ఇది పన్నోళ్లది కాదు, పోలీసోళ్లది కాదు. మన జాగా రాసుకునేదానికి వచ్చినారు. డబ్బులు అడిగితే ఇయ్యొద్దండి. చీటీ తీసుకోండి, పోగొట్టుకోవాకండి." డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం సమ్మతి నోటీసుని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా చూసుకునే వీలు ఇవ్వాలి. లాయర్లు రాసిన నోటీసు కంటే ఆమె ఇరవై సెకన్ల గొంతు నాకు మెరుగనిపించింది. ఆ వాయిస్ మెసేజ్ మేము పంపకముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేసింది.

చీటీ అంటే కాగితం రసీదు. డిజిటల్ ప్రాజెక్టులో కాగితం ఎందుకని కాసేపు వాదన నడిచింది. ఎస్సెమ్మెస్ వస్తుంది కదా అంటారు. ఎస్సెమ్మెస్ కదిరికి పోతుంది, చెప్పాను కదా. పోలీసు వచ్చి బండి తియ్యమన్నప్పుడు చూపించడానికి, తేదీ, రికార్డు నంబరు, నగరసభ ముద్ర ఉన్న చీటీ కావాలి. అది లామినేషన్ చేయించి తక్కెడ కింద పెట్టుకున్నవాళ్లు చాలామంది.

ముసాయిదా లిస్టు వెబ్‌సైట్లో పీడీఎఫ్‌గా పెట్టి అభ్యంతరాలు చెప్పుకోండి అంటే ఎవరొస్తారు. మార్కెట్ గేటు దగ్గర గోడకి అంటించి, సంత రోజున మైకులో చదివించారు. పేర్లు చదువుతుంటే జనం నుంచి అరుపులు, "ఆయమ్మ చచ్చిపోయి రెండేండ్లయింది", "వాడు అమ్మేది ఇక్కడ కాదు, వాళ్లన్నది", "నా పేరేదీ?" అని. బోగస్ పేర్లు ఓటీపీ పట్టుకోలేదు గానీ ఆ మైకు పట్టుకుంది. కొన్ని మిగిలే ఉంటాయి, అది నేను కాదనను. బండ్లు అద్దెకిచ్చే ఒక పెద్దమనిషి మనుషులు లిస్టులో దర్జాగా ఉన్నారు, వాళ్లకి సాక్ష్యం చెప్పిన ముగ్గురూ ఆయన బండ్లే తోస్తారు. పక్కవాళ్ల సాక్ష్యానికి ఉన్న లొసుగు ఇదే. సాక్షుల్లో ఒకరైనా వేరే వీధి వాళ్లు అయ్యుండాలన్న నియమం పెట్టి ఉంటే కొంత ఆగేది.

లోను మెట్టు దగ్గర ఆధార్‌కి కొత్త నంబరు లింకు చెయ్యక తప్పదు. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. 2025 అక్టోబరు నుంచి ఫీజు 75 రూపాయలు. సెంటరుకి వెళ్లి లైన్లో నిలబడితే పోయే పూట బేరమే అసలు ఖర్చు. పోస్టు పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్లు ఈ పని మన దగ్గరికే వచ్చి చేస్తారని చాలామందికి తెలియదు, 2021 నుంచి ఆ సేవ ఉంది. పోస్టాఫీసుతో మాట్లాడితే బేరాలు మందగించే మధ్యాహ్నం వేళ పోస్ట్‌మ్యాన్ మార్కెట్లోనే కూర్చున్నాడు. పూలూ కూరగాయలూ తడిసి తడిసి కొందరి వేళ్ల గీతలు అరిగిపోయి మెషిన్ తీసుకోలేదు. వాళ్లు ఇప్పటికీ లోనుకి బయటే ఉన్నారు, జాగా చీటీ మాత్రం ఉంది. మెట్లు విడదీయకపోతే రెండూ పోయేవి.

మధ్యవర్తుల సంగతి. మొదట్లో "నీ పేరు ఎక్కిస్తా" అని సంఘం పేరు చెప్పి డబ్బులు వసూలు చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు తిరిగారు. వాళ్లమీద ఫిర్యాదు రాయమంటే ఒక్కరూ రాలేదు. రేపు వాళ్లతోనే అవసరం పడుతుంది కాబట్టి. ఓటీపీ ఐచ్ఛికం అయ్యాక వాళ్లు అమ్ముకోవడానికి ఏమీ మిగల్లేదు, కొన్నాళ్లకి కనపడటం మానేశారు. ఇప్పుడు లోను ఫారాల దగ్గర తేలారు.

ఇలాంటి పనికి టెండర్ రాస్తున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మూడు విషయాలు సంతకానికి ముందే పెట్టించండి, తర్వాత ప్రతిదానికీ ఛేంజ్ రిక్వెస్టు అంటారు. తప్పనిసరి గడి ప్రతిదానికీ పక్కన అది ఏ చట్టంలో ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాయాలి, రాయలేకపోతే ఎర్ర చుక్క తియ్యాలి. ఆగిపోయిన రికార్డుకీ డబ్బు కట్టాలి. డాష్‌బోర్డులో పూర్తయిన వాళ్ల బార్ పక్కనే ఆగిపోయిన వాళ్ల బార్, కారణంతో సహా, అంతే పెద్దగా ఉండాలి.

మా నగరసభలో ఇంకా తేలనిది ఒకటుంది. సర్వే ముగిశాక కొత్తగా వచ్చినవాళ్లని, జాగా మారినవాళ్లని, చనిపోయిన అమ్మ గంప దగ్గర ఇప్పుడు కూర్చుంటున్న కూతుర్ని ఎక్కించే దారి యాప్‌లో లేదు. ఏజెన్సీ కాంట్రాక్టు అయిపోయింది. అడ్మిన్ పాస్‌వర్డు అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసే ఒక్క కంప్యూటర్ ఆపరేటర్ దగ్గరే ఉంది, ఆమె కాంట్రాక్టు మార్చితో ముగుస్తుంది. ఎడిట్ చేసే వీలు నగరసభ చేతికి ఇమ్మని కంపెనీకి లెటర్ రాయించాం, వాళ్లు వార్షిక నిర్వహణ కొటేషన్ పంపారు. ఫైలు ఇప్పుడు అకౌంట్స్ సెక్షన్లో ఉంది. ఈలోపు కమ్యూనిటీ ఆర్గనైజరు ఒక నోటుబుక్కు కొనుక్కుని కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు చేత్తో రాసుకుంటోంది.